చెక్కు కోసం కొట్లాడిన అత్త

ఆ వీడియో మీరు కూడా చూసే ఉంటారు. ఎన్నికలు దగ్గర పడ్డాయంటే చాలు, ఎక్కడో అడుగున పడి ఉన్నది మళ్లీ పైకి వచ్చి ఫోన్లలో తిరగడం మొదలవుతుంది. ఒక ఫంక్షన్ హాలు, బంతిపూలు కట్టిన స్టేజి, మైకు పట్టుకున్న నాయకుడు. ఆకుపచ్చ చీర కట్టిన కోడలి చేతిలోంచి ఒక ముసలి అత్త చెక్కు గుంజుకుంటూ ఉంటుంది. కింద జనం పడీ పడీ నవ్వుతుంటారు. ఎవరో పుణ్యాత్ముడు దానికి డప్పుల చప్పుడు కూడా తగిలించాడు. స్టేజికి ఎడమ పక్కన నీలం చీరలో ఒక లావుపాటి ఆవిడ వంగి కింద ఏదో తీస్తూ కనబడుతుంది. అది నేనే.

మొన్న మా రిటైర్డు ఉద్యోగుల గ్రూపులో మళ్లీ వచ్చింది. జగిత్యాలలో నాతో పనిచేసిన ఒకాయన దాని కింద "పైసలంటే ఎంత ఆశ చూడండి" అని రాసి నవ్వు బొమ్మలు పెట్టాడు. జవాబు టైపు చేశాను, కొట్టేశాను. మళ్లీ చేశాను, మళ్లీ కొట్టేశాను. రెండు ముక్కల్లో తేలేది కాదని ఇక్కడ రాస్తున్నాను. ఆ ఇంటివాళ్లను అడిగే రాస్తున్నాను. పేర్లు మాత్రం వద్దన్నారు, కాబట్టి ఎవరి పేరూ ఉండదు. ఇప్పుడు మండలాల్లో కొత్తగా చేరిన పిల్లలు చదివితే చాలు నాకు.

అప్పుడు నేను కోరుట్ల దగ్గరి ఒక మండలాఫీసులో సూపరింటెండెంటును. పుట్టింది సిరిసిల్లలో, మరమగ్గాల మధ్యన. ఆ చప్పుడులో మాట వినబడాలంటే అరవాల్సిందే కనుక నాకు గొంతు పెద్దది. ఆఫీసులో నా వెనక నన్ను మిర్చి మేడం అనుకునేవాళ్లని నాకు తెలుసు, తెలియనట్టే ఉండేదాన్ని.

ఎన్నికల ముందు సర్కారు ఇంటింటికీ డబ్బులని ప్రకటించింది. ఇంటి ఆడమనిషి పేరు మీద చెక్కు. ఎన్నికల కోడ్ వచ్చేలోపల పంచెయ్యాలి, వస్తే ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. సెలవులు బంద్, ఆదివారాలు బంద్. నేరుగా బ్యాంకు ఖాతాలో వేస్తే మాకీ పరుగులు ఉండేవి కావు. కానీ ఖాతాలో పడిన డబ్బుకు ఇచ్చిన చెయ్యి కనబడదు కదా, అందుకని ఫంక్షన్ హాలు మాట్లాడాలి, టెంట్లు, కుర్చీలు, బగార అన్నం, ఆటోల కిరాయి, అన్నీ మేమే చూడాలి. నలభై పనుల మధ్య ఇంకొకటి, స్టేజి మీద నాయకుడి చేతుల మీదుగా చెక్కు తీసుకోవడానికి కొందరు ఆడవాళ్లను ముందే ఎంచిపెట్టాలి. పెళ్లి విస్తరిలో అన్నిరకాలూ ఉన్నట్టు, ఒక బీడీ కార్మికురాలు, ఒక కూలిమనిషి, ఒక వికలాంగురాలు, ఒక దుబాయి కుటుంబం. మా దగ్గర గల్ఫ్ మొత్తానికీ దుబాయి అనే పేరు.

దుబాయి కుటుంబానికి నేనే ఒక అమ్మాయిని ఎంచాను. గ్రామసభలో లేచి తడబడకుండా మాట్లాడింది. ఇరవై అయిదు దాటని పిల్ల, చంకలో కూతురు. భర్త బిల్డింగు పనిలో ఉన్నాడు. ఇంటికి స్లాబు వేసి డబ్బులు అయిపోయి వదిలేశారు. కిటికీలకు తలుపులు లేవు. అంతకుముందు ఎన్నికల నాటి ఫ్లెక్సీ ఒకటి చింపి అడ్డం కట్టారు. అందులో నాయకుడు సగం మొహంతో ఇంట్లోకి నవ్వుతూ ఉంటాడు. "చెక్కు అచ్చిందంటే కిటికీలకు తలుపులు వెట్టిస్త మేడం, ఆయన అచ్చేసరికి ఇల్లు ఇల్లు లెక్క ఉండాలె," అంది. స్టేజి మీద ఇదే చెప్పమన్నాను.

సభకు ముందర రోజుల్లోనే ఒక పొద్దున పంచాయతీ సెక్రటరీ నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరికి వేశాడు. నలభై ఏళ్లవాడు, ఎల్లారెడ్డిపేట వైపువాడు. తలుపు వేసుకుని మాట్లాడే అలవాటు ఆయనకు లేదు.

"మేడం, స్టేజికి రాసినం గదా, గా దుబాయోళ్ల పిల్ల... ఆమె పెనిమిటి పోయిండు."

"ఎక్కడికి?" అన్నాను. అర్థమయ్యాక కూడా మనిషి అలాగే అడుగుతాడు.

"సచ్చిపోయిండు మేడం. పొద్దుగాల పనికి పోదామని రూమోళ్లు లేపితే లేవలేదట. గుండె ఆగిందంటున్నరు. మేనమామకు ఫోన్ అచ్చింది. తల్లికి చెప్పిన్రు. కులపెద్దలకు తెలుసు. ఆమెకే తెల్వది."

"ఇదేం పద్ధతయ్యా? కట్టుకున్నదానికి చెప్పకుండా పెద్దమనుషులకు చెబుతారా?"

మా సిరిసిల్లవాళ్లు బతకడానికి భివండీ, సూరత్ ఎక్కువ పోయారు. పోయినవాడు పోయాడంటే రైలెక్కి తెచ్చుకుంటాం. సముద్రం అవతలి చావు సంగతి నాకు తెలియదు. ఆయన నిలబడే చెప్పాడు.

"శవం పెట్టె అచ్చేదాకా చెప్పరు మేడం. కాయిదాలు కావాలె, కంపెనీ ఒప్పుకోవాలె, వారం అయితదో నెల అయితదో ఎవలకు తెల్సు? మా బావ పోయినప్పుడు మా అక్కకు ముందుగాల్నే చెప్పినం. గన్ని దినాలు నోట్లె మెతుకు వెట్టలే. పెట్టె ఇంటి ముంగట దించిన దినం మా అక్క దవాఖానల గ్లూకోజు ఎక్కించుకుంటున్నది. ఆఖరి సూపు గూడ దక్కలే."

కనీసం స్టేజి మీది నుంచి ఆ పేరు తీసేద్దామని నేనే బయల్దేరి వాళ్ల ఇంటికి వెళ్లాను.

అత్త అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఆకు తుంచడం, తంబాకు వేయడం, చుట్టడం, దారం కట్టడం, చేతులు వాటి దారిన అవి పోతున్నాయి. తల ఎత్తి నన్ను చూసింది. నాకు తెలుసని ఆమెకు తెలిసిపోయింది. మళ్లీ తల దించుకుని చుట్టసాగింది.

కోడలు రెండు చీరలు పట్టుకుని లోపలి నుంచి ఉరికి వచ్చింది. "మేడం, పచ్చది కట్టుకోవాల్నా, ఎర్రదా? ఫోటోల ఏది మంచిగొత్తది?"

నేను నోరు తెరిచేలోపల అత్తే అంది, "పచ్చది కట్టు. నీకు పచ్చదే మంచిగుంటది."

"ఆయనకు ఫోటో పంపుదామంటే ఫోన్ కలుత్తలేదు మేడం. నీళ్లల్ల పడ్డదట. రూమోళ్లకు చేస్తే ఎవ్వలూ ఎత్తుతలేరు," అంది కోడలు. మూతి ముడిచింది కానీ మొహంలో దిగులు లేదు. ఫోన్లు చెడిపోవడం కొత్తేమీ కాదు వాళ్లకు.

"అమ్మా, ఈసారి స్టేజి..." అని మొదలుపెట్టాను.

అత్త చాట పక్కన పెట్టి లేచింది. "మేడంను ఆటో దాకా తోలి అస్త," అని నా చెయ్యి పట్టుకుని వాకిలి దాటించింది. సందు మలుపు తిరిగాక చెయ్యి వదిలింది.

"దాని పేరు తియ్యకు మేడం. తీస్తే ఎందుకు తీసిన్రని అడుగుతది. అడిగి నా మొఖం సూత్తది. నేను ఆపుకోలేను."

"పెద్దమ్మా, నీకెట్ల ఉంది?" అన్నాను. అంతకంటే తెలివైన ప్రశ్న రాలేదు.

"నాకేమున్నది? బీడీలు సుడుతున్న," అంది. "పెట్టె అచ్చినంక అది ఎట్లనూ నవ్వది. గా ఒక్క దినం నవ్వనియ్యి."

పేరు తీయలేదు. ఆఫీసుకు వచ్చి మా ఎంపీడీవోకు మాత్రం చెప్పాను. ఆయన మంచి మనిషే, అనుభవం ఉన్నవాడు. "ఈ ముచ్చట సారు మనుషులకు పోవద్దు. తెలిస్తే మైకుల సంతాపం చెప్తడు, రెండు నిమిషాలు మౌనం పాటించుమంటడు. నోరు మూసుకొని ఉండుర్రి," అన్నారు. ఆయన మాట నూటికి నూరుపాళ్లు నిజం. అందుకే ఎవరమూ నాయకుడికి చెప్పలేదు. చెప్పకపోతే ఏమవుతుందో మాలో ఒక్కరికీ తట్టలేదు.

సభ రోజు కోరుట్లలో ఫంక్షన్ హాలు బయట ఆటోలు బారులు తీరాయి. అత్తాకోడళ్లు ఒకే ఆటోలో దిగారు. కోడలు ఆకుపచ్చ చీరలో, తల నిండా మల్లెపూలు, రెండు చేతులకూ కొత్త గాజులు. నా దగ్గరికి వచ్చి గాజులు గలగలలాడించి చూపింది. "మా అత్త ఇప్పిచ్చింది మేడం, బస్టాండు కాడ. పూలు గూడ ఆమెనే కొన్నది. ఏమైందో ఏమో, ఎన్నడు లేని ప్రేమ పుట్టుకచ్చింది," అని నవ్వింది. ఆ వెనకే నిలబడ్డ అత్త ఎటో చూస్తోంది. నేను బగార అన్నం ఎంతవరకు వచ్చిందో చూస్తానని చెప్పి అక్కడి నుంచి తప్పుకున్నాను.

నాయకుడు అలవాటు ప్రకారం ఆలస్యంగా వచ్చాడు. ఉపన్యాసం అయింది. ఒక్కొక్కరిని పిలుస్తున్నారు. అత్త ముందు వరసల్లోనే కూర్చుంది. కోడలు మెట్లెక్కింది, చెక్కు తీసుకుంది, ఫోటో అయింది. అంతటితో దిగిపోవాల్సింది. నాయకుడికి ముచ్చటేసింది కాబోలు, మైకు దగ్గరికి తెచ్చుకుని అడిగాడు.

"మీ ఆయన ఏడున్నడు బిడ్డా?"

"దుబాయిల ఉన్నడు సార్."

"రోజు మాట్లాడతండా?"

"ఫోన్ ఖరాబైందట సార్, నాలుగు దినాల సంది కలుత్తలేదు."

"రూంల దోస్తులు లేరా? నంబర్ చెప్పు, ఫోన్ కొట్టు, నేను మాట్లాడ్త. తమ్మీ, నువ్వు రంది వెట్టుకోకు, నీ ఇంటికి మేమున్నమని చెప్త!"

హాలంతా చప్పట్లు. ఆ పిల్ల మొహం ఎంత వెలిగిపోయిందో మీరు వీడియోలో చూడవచ్చు. రూమువాళ్లు తన ఫోన్ ఎత్తకపోయినా ఇంత పెద్ద సారు చేస్తే ఎత్తుతారు కదా అనుకుంది. జాకెట్లోంచి చిన్న పర్సు తీసి, అందులోంచి ఫోన్ తీసి నంబరు కొట్టింది. నాయకుడు ఆ ఫోన్ తీసుకుని స్పీకరు పెట్టి మైకుకు ఆనించాడు.

రింగు హాలంతా మోగింది.

ఆ మోగడం నా జన్మలో మరిచిపోను. స్టేజి పక్కనే ఉన్నాను. సెక్రటరీ మైకు పెట్టెల వైపు ఉరికాడు కానీ కుర్చీల మధ్య ఇరుక్కుపోయాడు. అవతల ఎవడో పిల్లవాడు ఫోన్ ఎత్తి, ఇక్కడ వెయ్యిమంది వింటున్నారని తెలియక, వదినా అన్న ఎల్లిపోయిండు అని ఏడిస్తే? ఇంత పెద్ద గొంతున్న నేను నోరు పెగలక నిలబడ్డాను.

అప్పుడు లేచింది ముసలామె.

"ఏయ్ సారూ! దానికెందుకిత్తవు చెక్కు? ఇంటికి పెద్దను నేను సచ్చిన్నా?"

మెట్లు ఎప్పుడు ఎక్కిందో చూడలేదు. ఎక్కడం ఎక్కడమే కోడలి చేతిలోని చెక్కు పట్టుకుంది. "ఇల్లు నాది! కొడుకు నా కొడుకు! నిన్న గాక మొన్న అచ్చినదానికి పైసలు ఇత్తరా? తే!" అని గుంజింది. కోడలు బిత్తరపోయి చెక్కు వదల్లేదు. "అత్తా, ఏంది గిది? మందిల ఇజ్జత్ తీత్తవా?" అంటోంది. ముసలామె ఇంకో చేత్తో నాయకుడి భుజం మీద తోసింది. ఆయన వెనక్కి తూలాడు. ఫోన్ కింద పడింది. చెక్కు రెండు ముక్కలైంది. హాలంతా గొల్లున నవ్వులు, ఈలలు. వందల ఫోన్లు పైకి లేచాయి.

వీడియోలో నేను వంగేది అప్పుడే. ఫోన్ చేతిలోకి తీసుకునేసరికి అవతల ఎత్తారు. "హలో... హలో, వదినా..." అంటోంది ఒక గొంతు. కట్ చేసి పైట కింద పెట్టుకున్నాను.

మహిళా కానిస్టేబుల్ ముసలామెను రెక్క పట్టి బయటకు ఈడ్చింది. కాసేపటికి వెళ్లి చూస్తే చెప్పులు విడిచే చోట మెట్ల మీద కూర్చుని ఉంది. కొప్పు ఊడిపోయింది. మంచినీళ్లు ఇచ్చాను. తాగలేదు.

"ఫోన్ ఎత్తిన్రా?"

"లేదు పెద్దమ్మా," అన్నాను.

తల ఊపింది. నాకు ఏడుపు ఆగలేదు. కొంగు కళ్లకు అడ్డం పెట్టుకున్నాను. ఆమె గబుక్కున నా చెయ్యి కిందికి లాగింది. "ఏడ్వకు మేడం. అది బయటికి అత్తది, సూత్తది."

కోడలు బయటికి వచ్చింది. అత్తవైపు చూడను కూడా చూడకుండా వేరే ఆటో ఎక్కింది.

ఆ సాయంత్రానికే వీడియో జిల్లా దాటింది. మర్నాడు ఆ పిల్ల చిరిగిన చెక్కు ముక్కలు పట్టుకుని ఆఫీసుకు వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. "నా పేరు మీద వేరే చెక్కు ఇయ్యిండ్రి మేడం. ఆమె చేతికి మాత్రం ఇయ్యకుండ్రి. నేను ఆమెతోని మాట్లాడుతలేను, ఆమె వండింది తింటలేను. ఆయన అచ్చినంక పంచాయితి వెట్టిపిత్త. వేరుపడి బతుకుత," అంది. నేను దరఖాస్తు రాయించుకుని, సంతకం చేయించుకుని, సరేనమ్మా అన్నాను. ముప్పై ఏళ్ల సర్వీసులో ఎందరో పైఅధికారుల తిట్లు తిన్నాను కానీ, ఆ పిల్ల ముందు మామూలు మొహం పెట్టుకుని కూర్చోవడమంత కష్టం ఇంకేదీ కాలేదు.

పెట్టె వచ్చేదాకా ఆ ఇంట్లో అలాగే నడిచిందని సెక్రటరీ చెబుతుండేవాడు. కోడలు పక్కింట్లో తినేది. అత్త అరుగు మీద బీడీలు చుట్టేది. దారిన పోయే పోరగాళ్లు "ఏం ముసల్దానా, చెక్కు దొరికిందా?" అని నవ్వి పోయేవాళ్లు. కన్నకొడుకు పోయిన తల్లి ఏడవడానికి వీల్లేక, కోడలి మౌనం, ఊరి నవ్వులు అన్నీ మింగుతూ కూర్చుంది.

ఈలోగా కోడ్ వచ్చింది. ఫ్లెక్సీలన్నీ దించాం, శిలాఫలకాలకు గుడ్డలు చుట్టాం. చెక్కులు ఆగిపోయాయి. తర్వాత ఒకరోజు హైదరాబాదు నుంచి అంబులెన్సు బయల్దేరిందని కబురు వచ్చింది. నేనూ సెక్రటరీ వెళ్లాం. బండి కోరుట్ల దాటాక కులపెద్దలు ఆ పిల్లకు చెప్పారు.

ఆ పిల్ల మొదట ఏడవలేదు. గడపలో కూర్చున్న అత్త దగ్గరికి నడిచి వెళ్లింది. భుజాలు పట్టి లేపి, రెండు పిడికిళ్లతో ఆమె రొమ్ము మీద గుద్దుతూ అడిగింది.

"నీకు తెలుసా? నీకు తెలుసా అత్తా?"

"తెలుసు బిడ్డా," అంది ముసలామె.

"గాజులు గందుకే ఇప్పిచ్చినవా?"

ముసలామె కోడల్ని పొదివి పట్టుకుని, అన్నాళ్లుగా దాచుకున్న ఏడుపు అప్పుడు ఏడ్చింది. ఆ ఏడుపు విన్నాక ఊరికి ఆ రోజు స్టేజి మీద జరిగిందేమిటో అర్థమైంది. వెక్కిరించిన పోరగాళ్లే పెట్టె మోశారు. ఫోన్లలోంచి వీడియో తీసేశామని కూడా చెప్పారు. కానీ అప్పటికే అది వాళ్ల చేతుల్లో లేదు.

కొత్త చెక్కు కోసం నేను తిరగని గది లేదు. చిరిగినదాని బదులు ఇంకొకటి ఇవ్వాలంటే జగిత్యాల కలెక్టరాఫీసులో అనుమతి కావాలి. అనుమతికి కోడ్ అడ్డం. కోడ్ ఎత్తేసేసరికి ఎన్నికలు అయిపోయాయి, మిగిలిన చెక్కులు వెనక్కి పంపమన్నారు. ఇద్దరు అధికారులు సానుభూతి చూపించారు, ఒకాయన టీ కూడా తాగించాడు. చెక్కు మాత్రం రాలేదు. చెక్కు కోసం కొట్లాడిన అత్త అని లోకమంతా నవ్వుకున్న ఆ ఇంటికి ఒక్క రూపాయి చేరలేదు. రిటైరయ్యేదాకా నా ఉద్యోగంలో మిగిలిపోయిన పని ఇదొక్కటే. మీలో ఎవరైనా రేపు ఇలాంటి స్టేజి పని చూడాల్సి వస్తే, ఎక్కే మనిషి ఇంట్లో ఏం జరుగుతోందో కనుక్కోండి. కనుక్కున్నాక ఏం చెయ్యాలో మాత్రం నన్ను అడగకండి, నాకు ఇప్పటికీ తెలియదు.

ఇది రాయడానికి అనుమతి అడుగుదామని మొన్న సిరిసిల్ల నుంచి బస్సెక్కి వెళ్లాను. కిటికీలకు ఇంకా తలుపులు లేవు. ఫ్లెక్సీని తిరగేసి కట్టారు, తెల్లటి వైపు కనబడుతోంది. అత్తాకోడళ్లిద్దరూ అరుగు మీద చెరొక చాట పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. మనవరాలు బడికి పోయింది.

సంగతి చెప్పాను. రాసుకోమన్నారు. ముసలామె చేతులు తుడుచుకుని నా పక్కకు జరిగింది. "మేడం, గా వీడియో నీ ఫోన్ల ఉన్నదా? పెట్టు."

కోడలు చప్పున లేచింది. "నేను సూడను మేడం. అండ్ల నేను నవ్వుకుంట మెట్లెక్కుత. ఆయన అప్పటికే పోయిండు. నేను నవ్విన," అని చాట తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

వీడియో పెట్టాను. కొట్లాట మొదలు కాకముందే ముసలామె నా చేతి మీద చెయ్యి వేసింది.

"గక్కడ ఆపు. ముంగటిది మళ్ల పెట్టు. ఆ సారు అడుగుతడు సూడు, ఏడున్నడని. ఇది చెప్తది, దుబాయిల ఉన్నడని." ఆమె ఫోన్ మీదికి వంగింది. "ఉన్నడు అంటది మేడం. గదొక్కటి ఇంకోసారి ఇనిపియ్యి."

నేను మళ్లీ మొదటి నుంచి పెట్టాను.